రోదసిలో టైంటేబుల్ ఎవరిది?

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి నేనొక షెడ్యూలింగ్ ప్రోగ్రామ్ రాశాను. ఇన్‌పుట్ నలుగురు మనుషులు, అరవై పనులు, పన్నెండు గంటలు. అవుట్‌పుట్ ఎవరు ఏ పని ఎన్నింటికి చేయాలో చెప్పే టైంటేబుల్. రెండు రాత్రులు కూర్చుని ఆప్టిమైజ్ చేస్తే యుటిలైజేషన్ 97 శాతం వచ్చింది. స్క్రీన్ మీద గడులన్నీ రంగులతో నిండిపోయి సంక్రాంతి ముగ్గులా కనిపించాయి. గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టాను. వైవాలో మేడమ్ దాన్ని కిందికీ పైకీ స్క్రోల్ చేసి ఒక్కటే అడిగారు: "వీళ్లు బాత్రూమ్‌కి ఎప్పుడు వెళ్తారు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిమిషాల లెక్కన మనుషులకి టైంటేబుల్ వేసేవాళ్లు నిజంగా ఎవరున్నారు అని వెతుక్కుంటూ పోతే చివరికి వ్యోమగాముల దగ్గర తేలాను. దీన్ని వాళ్ల భాషలో క్రూ యాక్టివిటీ ప్లానింగ్ అంటారు. మంచి తెలుగు మాట వెతికాను గానీ దొరకలేదు (ఇంగ్లిష్ మీడియం వాడిని, మన్నించండి). అందుకని మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే వాడతాను, టైంటేబుల్ అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనిషి రోదసికి వెళ్లడం మొదలై అరవై ఏళ్లు దాటింది. ఈ అరవై ఏళ్లలో టైంటేబుల్ రాసే పెన్ను భూమి మీద నుంచి మెల్లగా పైవాళ్ల చేతికి జరుగుతూ వస్తోంది. ఇష్టపడి ఎవరూ ఇవ్వలేదు, దెబ్బలు తగిలాకే ఇచ్చారు. మన గగన్‌యాన్ వాళ్లు ఆ దెబ్బలు మళ్లీ మొదటి నుంచి తినక్కర్లేదు.

మొదటి రోజుల్లో పెన్ను పూర్తిగా కిందే ఉండేది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ 108 నిమిషాలు ఎగిరినప్పుడు ఆయన నౌకలో చేత్తో నడిపే కంట్రోల్స్‌కి తాళం వేసి పెట్టారు. తెరవడానికి ఒక కోడ్ కావాలి, ఆ కోడ్ ఒక కవర్‌లో పెట్టి ఇచ్చారు. రోదసిలో మనిషి బుర్ర సరిగా పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదు, అందుకని ఆ భయం. తమాషా ఏంటంటే, ఎక్కే ముందే ఆయనకి ఆ కోడ్ చెవిలో చెప్పేసినవాళ్లు ఉన్నారు. రూల్ పెట్టింది వ్యవస్థే, మనిషిని నమ్మిందీ ఆ వ్యవస్థలోని మనుషులే.

అమెరికా వైపు 1961 మే 5న షెపర్డ్ ఎగిరింది పదిహేను నిమిషాలు. పదిహేను నిమిషాలకి ప్లాన్ ఏముంటుంది, చెక్‌లిస్ట్ చాలు. అసలు తలనొప్పి 1962 మే 24న మొదలైంది. స్కాట్ కార్పెంటర్ అరోరా 7లో మూడు చుట్లు తిరగాలి. ఆ మూడు చుట్లలో ఫొటోలు, బెలూన్ ప్రయోగం, ద్రవాల ప్రయోగం, ఇంకా ఏవేవో కుక్కేశారు. పనులు చేస్తూ చేస్తూ ఇంధనం ఎక్కువ ఖర్చయింది, టైం వెనకబడింది. ఆఖరి చుట్టులో అనుకోకుండా ఆయన చెయ్యి గోడకి తగిలితే కిటికీ బయట మెరుపు రేణువులు లేచాయి. అంతకుముందు జాన్ గ్లెన్ చూసి మిణుగురుల్లా ఉన్నాయన్నవి ఇవేనని, నౌక పైన పట్టిన మంచు పలుకులని ఆయనకి అర్థమైంది. ఆ ఆనందంలో తిరుగు ప్రయాణం ఏర్పాట్లకి ఆలస్యమైంది. ఒక పరికరం కూడా తప్పుగా పనిచేసింది. మొత్తానికి దిగాల్సిన చోటు నుంచి దాదాపు 400 కిలోమీటర్లు అవతల సముద్రంలో పడ్డారు. ఆయన ఎక్కడున్నారో తెలిసే వరకు అమెరికా ఊపిరి బిగబట్టింది.

తప్పు ఎవరిది? చాలామంది కార్పెంటర్‌ది అన్నారు. నేనైతే సగం తప్పు టైంటేబుల్‌ది అంటాను. అదే ఏడాది అక్టోబర్‌లో వెళ్లిన షిర్రా ప్లాన్‌లో ప్రయోగాలు బాగా తగ్గించి, నౌకని సరిగ్గా నడపడం మీదే దృష్టి పెట్టారు. అంటే టైంటేబుల్ మరీ బరువెక్కిందని వాళ్లకీ తెలిసినట్టే కదా.

ఆ షిర్రాయే 1968 అక్టోబర్‌లో అపోలో 7 కమాండర్‌గా వెళ్లి, జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉండగా, రెండో రోజు టీవీ ప్రసారం చేయమంటే ఇప్పుడు కుదరదు పొమ్మన్నారు. కొత్త నౌక, అంతకంటే ముఖ్యమైన పనులున్నాయి, టీవీ తర్వాత చూద్దాం అని. తర్వాత ప్రసారాలు చేశారు, జనం బాగా చూశారు. కానీ కిందివాళ్లకి కోపం మిగిలింది. ఆ ముగ్గురిలో ఎవరూ మళ్లీ రోదసికి వెళ్లలేదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా అపోలో 11 చూడండి. 1969 జూలై 20న చంద్రుడి మీద దిగాక ప్లాన్ ప్రకారం ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ముందు పడుకుని రెస్ట్ తీసుకోవాలి, ఆ తర్వాతే బయటికి. చంద్రుడి మీద దిగి నిద్రపోవడమా! ఎవరికైనా పడుతుందా? వాళ్లు ముందే బయటికి వెళ్తామని అడిగారు, హ్యూస్టన్ సరే అంది. మనిషి చరిత్రలో అన్నిటికంటే పేరున్న ఆ మొదటి అడుగు టైంటేబుల్ మార్చి వేసిన అడుగు. నాకు ఇది చాలా నచ్చింది.

ఇక అసలు కథ స్కైలాబ్. ఈ టాపిక్‌లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

స్కైలాబ్ అమెరికా మొదటి అంతరిక్ష కేంద్రం, 1973 మేలో ఎగిరింది. మొదటి బృందం 28 రోజులు ఉంది. రెండో బృందం 59 రోజులు ఉండి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పని చేసి, ఇంకా పని ఇవ్వండి అని అడిగేంత స్పీడు మీద వెళ్లింది. మూడో బృందం 1973 నవంబర్ 16న వెళ్లింది. కార్, గిబ్సన్, పోగ్. ముగ్గురూ మొదటిసారి వెళ్తున్నవాళ్లే. కింద ప్లాన్ వేసేవాళ్లు వీళ్లకి ఇచ్చింది రెండో బృందం చివరి రోజుల్లో అందుకున్న స్పీడు. వాళ్లు అలవాటు పడి చేరిన చోట వీళ్లు మొదటి రోజే మొదలెట్టాలన్నమాట. మన భాషలో చెప్పాలంటే, టాపర్ సీనియర్ ఫైనలియర్‌లో రాసిన కోడ్ చూపించి ఫస్టియర్ వాడిని మొదటి వారంలో అలా రాయమనడం.

రోజూ పొద్దున్నే టెలిప్రింటర్ నుంచి ఆ రోజు పనుల చిట్టా మీటర్ల కొద్దీ కాగితం మీద వచ్చేది. ఒక పని ముగించి సామాను సర్దుకుని కేంద్రంలో ఇంకో చివరకి వెళ్లడానికి కూడా టైం ఉండదు. ఒకటి లేటయితే వెనకవన్నీ లేటు. తప్పులు దొర్లేవి. సెలవు రోజు కూడా పనే. దానికి తోడు మొదట్లోనే ఒక చేదు సంగతి జరిగింది. పోగ్‌కి వాంతి అయితే కిందికి చెప్పకుండా దాచుదామని లోపల మాట్లాడుకున్నారు, ఆ మాటలు టేపులో రికార్డయి కిందివాళ్లు విన్నారు. అందరూ వినే రేడియోలోనే చివాట్లు పడ్డాయి. ఇక నమ్మకం ఎక్కడిది?

ఇక్కడ ఇంటర్నెట్‌లో తిరిగే ఒక కథ గురించి చెప్పాలి. వ్యోమగాములు రోదసిలో సమ్మె చేశారని, ఒక రోజంతా రేడియో ఆపేసి కిటికీలోంచి భూమిని చూస్తూ కూర్చున్నారని మీరు ఎక్కడో చదివే ఉంటారు. బిజినెస్ స్కూళ్లలో దాని మీద పాఠాలు కూడా చెప్పారు. అది నిజం కాదు. ఒకసారి పొరపాటున కొద్దిసేపు ముగ్గురి రేడియోలూ అందుబాటులో లేకపోవడం జరిగింది, దానికి మసాలా కలిపి సమ్మె చేసేశారు. గిబ్సన్ తర్వాత చాలాసార్లు ఈ మాట ఖండించారు. నేను కూడా మొదట సమ్మె కథనే నమ్మి, ఈ వ్యాసానికి దాన్నే టైటిల్‌గా పెట్టుకున్నాను. నిజం తెలిశాక కొంచెం నిరుత్సాహపడ్డాను. కానీ నిజంగా జరిగింది సమ్మె కంటే గొప్పది.

1973 డిసెంబర్ 30న పైవాళ్లూ కిందివాళ్లూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నారు. కార్ మా ఇబ్బంది ఇదీ అని చెప్పారు. కిందివాళ్లు తమ ఇబ్బంది చెప్పారు. ఆ తర్వాత మార్పులు వచ్చాయి. భోజనం టైంలో పని పెట్టకూడదు. పనికీ పనికీ మధ్య ఊపిరి పీల్చుకునే టైం. అన్నిటికంటే ముఖ్యమైనది, ఫలానా టైంకే చేయాలని లేని చిన్న పనుల్ని గడుల్లోంచి తీసేసి విడిగా ఒక లిస్టు చేశారు, దాన్ని వాళ్లు షాపింగ్ లిస్ట్ అన్నారు. ఎప్పుడు వీలైతే అప్పుడు అందులోంచి ఒకటి తీసుకుని చేసుకోండి అని. అంతే! మిగిలిన 40 రోజుల్లో పని పుంజుకుంది. మొత్తం 84 రోజులు ఉండి 1974 ఫిబ్రవరి 8న దిగారు. స్వేచ్ఛ ఇస్తే పని తగ్గుతుందనుకునేవాళ్లకి ఇంతకంటే జవాబు ఏముంటుంది?

తర్వాత షటిల్ కాలంలో ఈ పాఠం కొంచెం పక్కకి పోయింది. షటిల్ ప్రయాణం వారం, రెండు వారాలు. ఏ నిమిషం ఏం చేయాలో నెలల తరబడి రిహార్సల్ చేసి వెళ్లేవాళ్లు. కల్పనా చావ్లా ఆఖరి ప్రయాణం 2003 జనవరిలో, 16 రోజులు. సైన్స్ పనులు ఆగకూడదని ఏడుగురూ రెండు షిఫ్టులుగా విడిపోయి 24 గంటలూ పనిచేశారు. పదహారు రోజులంటే పరీక్షల ముందు నైట్ అవుట్లలాంటిది, ఎలాగో లాగేయొచ్చు. కానీ ఏడాదంతా నైట్ అవుట్ చేయలేం కదా. ఈ సంగతి రష్యన్లకి ముందే తెలుసు. వాళ్ల పొల్యకోవ్ 'మీర్' కేంద్రంలో ఒక్క ఊపున 437 రోజులు ఉన్నారు.

2000 నవంబర్ 2 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. అక్కడ రోజు ఇలా ఉంటుంది. జీఎంటీ ప్రకారం పొద్దున 6కి లేవడం, రాత్రి 9.30కి పడుకోవడం. మామూలు రోజుల్లో ఆరున్నర గంటల పని, రెండున్నర గంటల వ్యాయామం. పొద్దునా సాయంత్రం భూమితో మీటింగ్. హ్యూస్టన్, హంట్స్‌విల్, మాస్కో, మ్యూనిక్ దగ్గరి కేంద్రం, జపాన్‌లోని సుకుబా కలిసి ఈ టైంటేబుల్ వేస్తాయి. కాగితం పోయి ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ వచ్చాయి. స్క్రీన్ మీద ఒక్కొక్కరికీ ఒక వరస, అందులో ఐదు నిమిషాల దాకా కోసిన గడులు, వాటి మీద నుంచి నెమ్మదిగా జరుగుతూ వెళ్లే నిలువు ఎర్ర గీత. ఆ గీత అంటే ఇప్పుడు టైం. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది ఆ గీత గురించి చెప్తారు. పొద్దున లేచినప్పటి నుంచి అది తరుముతూనే ఉంటుందట.

సీఎస్ఈ వాడిగా ఒక మాట. ఈ టైంటేబుల్ వేయడం తేలిక అనుకోకండి. జాబ్ షాప్ షెడ్యూలింగ్ ఎన్‌పీ-హార్డ్ అని మనం క్లాసులో విన్నదే, ఇది దానికి పెద్దన్న. ట్రెడ్‌మిల్ మీద ఒకరు పరిగెడితే ఆ అదురుకి పక్కన సున్నితమైన ప్రయోగం పాడవ్వచ్చు. ఈ పనికి భూమితో వీడియో లింక్ కావాలి, లింక్ ఫలానా నిమిషాల్లోనే ఉంటుంది. ఈ పరికరం ట్రైనింగ్ ఇద్దరికే ఉంది. కరెంటు ఇంతే ఉంది. ఇన్ని షరతుల్ని ఒక చోట పెట్టి చూడగలిగేది కిందివాళ్లే. కాబట్టి ప్లానర్లు విలన్లు కాదు. పెన్ను మొత్తం పైకి ఇచ్చేయండి అని నేను అనడం లేదు. డాకింగ్, స్పేస్‌వాక్, దిగే టైం, వీటిలో ఎవరిష్టం వాళ్లదంటే ప్రాణాలు పోతాయి. కార్పెంటర్ కథలో రెండో సగం తప్పు అదే.

నేను చెప్పేది మిగతా వాటి గురించి. స్కైలాబ్ షాపింగ్ లిస్ట్ మనవడు ఇప్పటి స్టేషన్‌లో కూడా ఉన్నాడు, టాస్క్ లిస్ట్ అనే పేరుతో. నాసా ఏమ్స్ వాళ్లు ప్లేబుక్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అందులో వ్యోమగామి తన గడుల్ని వేలితో అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఏదైనా షరతు తప్పితే సాఫ్ట్‌వేర్ వెంటనే చూపిస్తుంది. దాన్ని సముద్రం అడుగున చేసే శిక్షణల్లో వాడారు, స్టేషన్‌లో కూడా వ్యోమగామి తన రోజుని తానే ప్లాన్ చేసుకునే ప్రయోగం చేశారు. షరతులు కింద నుంచి, వరస పై నుంచి. ఇదే నాకు సరైన పంపకం అనిపిస్తుంది.

పైగా ముందు ముందు వేరే దారి లేదు. మార్స్ దగ్గర నుంచి పంపిన మాట భూమికి చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "ఈ పని ఇప్పుడు చేయనా?" అని అడిగి జవాబు వచ్చే లోపు ముప్పావు గంట అయిపోవచ్చు. ఎర్ర గీత ఆగదు కదా. మామూలు రోజుల్లో కూడా ప్లాన్ ప్లాన్‌లాగా ఉండదు. ఎనిమిది రోజులకని 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, విల్మోర్ 286 రోజుల తర్వాత తిరిగొచ్చారు. మన శుభాంశు శుక్లా 2025 జూన్‌లో సుమారు 14 రోజులకని స్టేషన్‌కి వెళ్లి 18 రోజులు ఉన్నారు.

ఇప్పుడు ఒక సొంత సంగతి. ఇదంతా నాకు ఎందుకు అంత పట్టిందో మీలో ఇంటర్ హాస్టల్లో చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఐదింటికి బెల్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. గోడకి అంటించిన టైంటేబుల్‌లో టిఫిన్‌కి ఇరవై నిమిషాలు, ఆదివారం పరీక్ష. ఖాళీ గడి లేదు. మా రూమ్మేట్ ఒకడు లెక్కల్లో నాకంటే చాలా స్పీడు. సెకండియర్‌లో మెల్లిగా మాట్లాడటం తగ్గించాడు. ఏమైంది రా అంటే ఏం లేదు రా అనేవాడు. ఒక రాత్రి మాత్రం అన్నాడు, "అరగంట చాలు రా, ఎవరూ ఏమీ చెప్పని అరగంట." నేనేమన్నానో తెలుసా? "టాప్ ర్యాంకులు వచ్చినోళ్లు కూడా ఇదే టైంటేబుల్ చదివార్రా" అన్నాను. రెండు వారాల తర్వాత వాళ్ల నాన్న వచ్చి పెట్టె తీసుకుని వాడిని ఇంటికి తీసుకెళ్లారు.

స్కైలాబ్ గురించి చదువుతున్నప్పుడు, రెండో బృందం స్పీడుని మూడో బృందానికి అంటగట్టారు అన్న చోట నేను ఆగిపోయాను. నేను అన్న మాటా అదే. వాడిప్పుడు మా జిల్లాలోనే డిగ్రీ చదువుతున్నాడు, బాగున్నాడు. ఈ పేరా వాడికి పంపి, సరే అన్నాకే ఇక్కడ పెట్టాను. "నా పేరు రాయకు, అరగంట మాట మాత్రం ఉంచు" అన్నాడు.

మన దగ్గర డిసెంబర్ 30 లాంటి రోజు రాదు. టైంటేబుల్ వేసేవాళ్లూ దాన్ని మోసేవాళ్లూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోవడం అనేది మనకి అలవాటు లేదు. వేసేవాడు పెద్దవాడు, మోసేవాడు చిన్నవాడు, అంతే. గగన్‌యాన్ శ్రీహరికోట నుంచి ఎగురుతుంది, మన గడ్డ మీద నుంచే. మొదట మూడు రోజుల ప్రయాణం అంటున్నారు. మూడు రోజులకి నిమిషాల చొప్పున ప్లాన్ వేసినా నడిచిపోతుంది, షటిల్‌కి నడిచినట్టు. కానీ 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం కూడా కడతామంటున్నారు. నెలల తరబడి ఉండాల్సిన చోటు అది. అక్కడ మన హాస్టల్ టైంటేబుల్ అలవాటు పైకి వెళ్లకూడదనేదే నా భయం. ప్లాన్ వేసే సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్‌లోనే వ్యోమగామికి గడి జరిపే హక్కు ఉండాలి. తర్వాత అప్‌డేట్‌లో చూద్దాం అంటే మళ్లీ ఎవరికో దెబ్బ తగిలాకే వస్తుంది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసేది ఎవరో కాదు, మనలాంటి వాళ్లమే. ఏఐ వచ్చి షెడ్యూల్ వేసినా, దేన్ని మాక్సిమైజ్ చేయాలో దానికి చెప్పాల్సింది మనమే. 97 శాతం నిండిన గడుల్నా, లేక ఆ గడుల్లో ఉన్న మనిషి 84వ రోజున కూడా పని చేయగలగడాన్నా?

నా ప్రోగ్రామ్ మళ్లీ రాశాను. ఒక్కొక్కరికి రోజుకి ఒక గంట ప్రోగ్రామ్ ముట్టుకోకూడదు. టైం ఖాయం కాని పనులన్నీ పక్కన లిస్టులో. ఎవరి గడి వాళ్లు జరుపుకోవచ్చు. యుటిలైజేషన్ 81కి పడింది. మేడమ్‌కి చూపిస్తే, బాగుంది గానీ మార్కులు అప్పుడే అప్‌లోడ్ చేసేశాను అన్నారు. ఫర్వాలేదు. వచ్చే నెల మన ఫెస్ట్ వాలంటీర్ల షెడ్యూల్ వేయమని క్లబ్ అన్నలు నాకే అప్పజెప్పారు. దాన్ని ఈ కొత్త దానితోనే వేస్తున్నాను. ఎవరికైనా గడి జరపాలనిపిస్తే నన్ను అడగక్కర్లేదు, జరిపేయండి. భోజనం గంటలో మాత్రం ఎవరూ ఎవరికీ పని చెప్పొద్దు, అది ఒక్కటే హార్డ్ కన్‌స్ట్రెయింట్.